మబ్బు పట్టిన రాత్రి, కాసిని నంబర్లు

అక్టోబరు వచ్చినా మబ్బు వదలలేదు. టెలిస్కోపు తీసే వీలు లేక, తెరిపి ఇచ్చిన రోజున చూడవలసినవి రాసి పెట్టుకుందామని కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

ఆండ్రోమెడా గెలాక్సీ కోసం వెతికితే ఎం 31, ఎన్‌జీసీ (న్యూ జనరల్ కేటలాగ్) 224 అని రెండు నంబర్లు వచ్చాయి. మొదటిది పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి ఖగోళ పరిశీలకుడు మెస్సియర్‌ది. ఆయన వెతికింది తోకచుక్కల కోసం. వాటిలాగే మసకగా కనిపించి మోసం చేసేవాటికి నంబర్లు వేస్తూ పోయాడు. 1781 నాటికి 103 అయ్యాయి, తర్వాతివారు 110 చేశారు. ఆ నంబర్లకు ఆకాశంలో వరస లేదు. ఎం 1 వృషభంలో ఉంటే ఎం 2 కుంభంలో ఉంటుంది. కృత్తికలకు 45వ నంబరు ఇచ్చిన మనిషి, పెర్సియస్‌లో కంటికే ఆనే జంట నక్షత్ర గుచ్ఛాలను ఎందుకు వదిలేశాడో!

నాకు రెండో నంబరు ఇచ్చిన ఖగోళ శాస్త్రవేత్త డ్రేయర్ పద్ధతే నచ్చుతుంది. 1888లో ఆయన ప్రచురించిన ఎన్‌జీసీలో 7840 నంబర్లు, అన్నీ విషువాంశ (ఆకాశంలో తూర్పు పడమరల స్థానాన్ని గంటల్లో చెప్పే కొలత) వరసలో. అందుకే నంబరు వింటేనే ఏ కాలానిదో తెలుస్తుంది. ఓరియన్ నెబ్యులా 1976: జనవరి రాత్రుల సంగతి. హెర్క్యులిస్ గుచ్ఛం 6205: జూలై దాకా ఆగాలి. వర్ణనలన్నీ పొడి అక్షరాలే, అయినా ఆండ్రోమెడా, ఓరియన్‌ల వంటివాటికి మూడేసి ఆశ్చర్యార్థకాలు పెట్టాడు. అంత పొదుపరి కూడా అక్కడ ఆగలేకపోయాడన్నమాట.

వరస ఉన్నా నంబర్లు సమంగా పరుచుకోలేదు. విషువాంశ 12, 13 గంటల మధ్యే ఎనిమిది వందలకు పైగా ఉన్నాయి. కన్యారాశి గెలాక్సీల గుంపు ఉన్నది అక్కడే మరి.

నా జాబితాను కంప్యూటర్ 224, 869, 884, 7331, 7789 అని పేర్చింది (869, 884 ఆ పెర్సియస్ జంట గుచ్ఛాలే). చూడవలసిన వరస అది కాదు. ముందు పడమటికి వాలేది 7331, దాని వెనక 7789, ఆ తర్వాతే 224. ఇరవైనాలుగు గంటల వలయాన్ని ఎక్కడో ఒకచోట తెంపాలి కదా, 1860 నాటి సున్నా గంట దగ్గర తెంపారు. అయన చలనం (భూమి అక్షం మెల్లగా దిశ మారడం) వల్ల ఆ అతుకు కూడా జరిగింది: ఇప్పుడు ఎన్‌జీసీ 1, ఎన్‌జీసీ 7840 రెండూ సున్నా గంటల ఏడు నిమిషాల దగ్గరే ఉన్నాయి. రెండూ మసక గెలాక్సీలే, నా టెలిస్కోపుకు 7840 అందదేమో. అయినా జాబితా చివర రెండూ చేర్చాను.