నరసన్నపేట నుంచి శంషాబాద్ దాకా అమ్మతో

"విమానంలో ఎంతసేపురా?" అని అమ్మ అడిగితే గంటా పావు అని చెప్పాను. టికెట్ మీద అలాగే ఉంది. విశాఖ నుంచి శంషాబాద్‌కి గాల్లో లెక్కేస్తే సుమారు 510 కిలోమీటర్లు, రోడ్డు మీదైతే 600 పైనే. హైదరాబాద్ అంటే రాత్రంతా రైల్లో కూర్చోవడమే తెలిసిన మనిషి, చాలా సంబరపడింది.

10:40 ఫ్లైటుకి తెల్లవారుజామున అయిదున్నరకే కారెక్కాం. మడపాం దగ్గర వంశధార, శ్రీకాకుళంలో నాగావళి దాటేసరికి బాగా వెలుగొచ్చింది. భోగాపురంలో డ్రైవర్ తమ్ముడు ఎడమచేతి వైపు చూపించి, "కొత్త ఎయిర్‌పోర్ట్ అదేనండి, పనులవుతున్నాయి" అన్నాడు. 2023 మేలో శంకుస్థాపన జరిగింది దీనికే. అక్కడే విమానం ఎక్కగలిగితే మాకు యాభై కిలోమీటర్ల దాకా కలిసొచ్చేది. అసలు అలసటంతా ఆ తర్వాతే. తగరపువలస, ఆనందపురం, ఆపైన సిటీ ట్రాఫిక్. గంట ముందే చెకిన్ మూసేస్తారని నాకు ఒకటే టెన్షన్. ఎనిమిదిన్నరకి చేరాకగానీ ఊపిరి పీల్చుకోలేదు.

విమానం గంటకి 800 కిలోమీటర్లు పోతుందంటారు కదా, మరి 510 కిలోమీటర్లకి గంటా పావు ఎందుకని నాకూ అనిపించేది. ఆ వేగం పైకెక్కి నిలకడగా ఎగిరేటప్పటిది. రన్‌వే దాకా నెమ్మదిగా వెళ్లాలి, పైకెక్కాలి, దిగే ముందు వేగం తగ్గించుకుంటూ రావాలి. ఇక్కడ కదిలినప్పటి నుంచి అక్కడ ఆగేదాకా మొత్తం కలిపే టికెట్ మీద వేస్తారు.

బయల్దేరిన ఇరవై నిమిషాలకేమో, కొండల మధ్య వెడల్పుగా నీళ్లు మెరిశాయి. పాపికొండలు అయ్యుండాలి. "అమ్మా, గోదారి!" అన్నాను. అమ్మ గబగబా కొంగుముడి విప్పింది. లోపల రూపాయి బిళ్ల. రైల్లో రాజమండ్రి వంతెన మీద ఎప్పుడూ వేసేది. ఇక్కడ కిటికీ తెరుచుకోదు. ఆ బిళ్లని అద్దానికి ఆనించి, కళ్లకద్దుకుని, మళ్లీ ముడేసుకుంది. నది కనుమరుగయ్యేదాకా అద్దం మీంచి చెయ్యి తియ్యలేదు.

దిగేటప్పుడు చెవులు నొప్పెట్టాయంది. చాక్లెట్ చప్పరించమన్నాను, కాస్త తగ్గింది. పన్నెండుకి దిగాం, సామాను చేతికొచ్చేసరికి పన్నెండున్నర. కూకట్‌పల్లిలో అన్నయ్య ఇంటికి చేరేసరికి రెండయింది. ఇంటి గడప నుంచి ఇంటి గడపకి ఎనిమిదిన్నర గంటలు. అందులో గాల్లో ఉన్నది గంట.

సాయంత్రం అమ్మ పక్కింటి పిన్నికి ఫోన్ చేసింది. "గంట ఏటే, తెల్లారకముందు బయల్దేరితే మజ్జాన్నం రెండైపోనాది. గానీ గోదారి మొత్తం అగుపడిందే, ఆ చివర్నుంచి ఈ చివరికి!" అంది. వచ్చేటప్పుడు మాత్రం రైలుకే టికెట్ తియ్యమంది. ఆ రూపాయి గోదాట్లో వెయ్యాలట.