రేపటి పాఠం రెండు నల్ల మెట్లు

ఈ రోజు హనుమకొండలో మా ఇంటి ముందు గదిలో ఒక పాప మొదటిసారి కీబోర్డు మీద తప్పు లేకుండా శంకరాభరణం రాగం స్వరాలు వాయించింది. సి అనే మెట్టు (కీ) నుంచి మొదలుపెడితే అన్నీ తెల్ల మెట్లే. "మేడం, నల్లవి ముట్టుకోనే లేదు!" అని ఎంత మురిసిపోయిందో.

నేను ఎనిమిదేళ్ల వయసు నుంచి చర్చిలో పాడాను. మా కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం పేర్లు ఉండేవి. రాగమంటే ఏమిటో తెలియకముందే అవి గొంతుకు పట్టుబడ్డాయి. తర్వాత గొంతు దెబ్బతింది. రెండు నెలలు నోరు విప్పొద్దన్నారు. ఆ మౌనంలోనే కీబోర్డు ముందు కూర్చున్నాను.

పియానోకి 88 మెట్లున్నా, ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారే గమకం మాత్రం లేదు. ఎన్నేళ్లుగానో పాడిన పాటే వేళ్ల కింద బోసిగా వినిపిస్తే ఏడుపొచ్చింది. కానీ ఎడమ చెయ్యి కూడా కలిసి ఒకేసారి పలు స్వరాలు మోగిన రోజు, క్వయర్‌లో నా చుట్టూ నిలబడ్డ గొంతులన్నీ మళ్లీ వినిపించాయి.

అందుకే నా దగ్గర పిల్లలు ముందు పాడాలి, తర్వాతే వాయించాలి. పాటలో ఊపిరి తీసుకునే చోటే చెయ్యి లేవాలి.

పాప చెప్పులేసుకుంటూ అడిగింది, "రేపైనా నల్లవి చెప్తారా?"

చెప్తానమ్మా. రేపు మాయామాళవగౌళ రాగం. సి నుంచి వాయిస్తే అందులో రెండు నల్ల మెట్లు.