మాడ్రిడ్‌లో ఫ్రెండ్స్‌తో స్పానిష్: నా అనుభవం

మాస్టర్స్ కోసం మాడ్రిడ్ వచ్చేసరికి నాకు స్పానిష్ గ్రామర్ బాగానే వచ్చు. అయినా క్లాస్ అయ్యాక అందరూ గుంపుగా నిలబడి సాయంత్రం ప్లాన్ వేసుకుంటుంటే ఒక్క ముక్క అందేది కాదు. హోటల్ గది ఎలా అడగాలో పుస్తకంలో ఉంది, స్నేహితులతో బయటికెళ్లేటప్పుడు ఏమనాలో లేదు.

అందుకని మా వాట్సాప్ గ్రూపులో మళ్లీ మళ్లీ వచ్చే మాటలు రాసుకోవడం మొదలుపెట్టాను. అన్నిటికంటే ఎక్కువ కనిపించింది ‘కెదామోస్?’, కలుద్దామా అని. ఎన్నింటికి అంటే ‘ఆ కే ఓరా కెదామోస్?’. సరే అంటే ‘బాలే’. నేనూ వస్తానంటే ‘మే అపుంతో’. కుదరకపోతే ‘ఓయ్ నో పుయెదో, ఓత్రో దియా’, ఇవాళ కాదు, ఇంకో రోజు. ఈ కాసిని మాటలతోనే నేనూ ఆ గుంపులో కలిశాను. పలకడం మనకి కష్టం కాదు, వాళ్ల త, ప, క అచ్చం మనవే.

కలిసేది ఎక్కువగా సోల్ కూడలిలో, ఎలుగుబంటి విగ్రహం దగ్గర. రాత్రి భోజనం తొమ్మిది దాటాకే, కాబట్టి సాయంత్రం ఏదో ఒకటి తిని వెళ్లడం మేలు.

‘తోమామోస్ అల్గో?’ అంటే ఏమైనా తాగుదామా అని. మందే తాగాలని లేదు. నేను ‘పారా మీ, ఉన్ మోస్తో’ అంటాను, అది ద్రాక్షరసం. ఎవరూ బలవంతపెట్టలేదు, ఆ మర్యాద నాకు చాలా నచ్చింది. శాకాహారులు మాత్రం ‘నో కోమో కార్నే’, మాంసం తినను, అని ఊరుకోకండి. హామోన్‌ని, అంటే ఉప్పులో ఊరబెట్టి ఆరబెట్టిన పంది మాంసాన్ని, కొందరు ఆ లెక్కలో వేయరు. ‘నీ పెస్కాదో, నీ హామోన్’, చేపా వద్దు, హామోనూ వద్దు, అని కూడా చెప్పాలి. గుడ్డు తినేవాళ్లకి బంగాళదుంప తోర్తీయా, అంటే మందపాటి ఆమ్లెట్, ఎప్పుడూ ఉంటుంది.

బిల్లు వచ్చినప్పుడు ‘ఇన్బితో యో’ అంటే ఈసారి నేనిస్తాను అని. ఒకసారి వాళ్లిస్తే మరోసారి మనం అనడం బాగుంటుంది. కొత్తగా పరిచయమైన మనిషి మంచిగా అనిపిస్తే ‘మే కాయే బియెన్’ అనండి. ‘మే గుస్తా’ అంటే ప్రేమ అనుకునే అవకాశం ఉంది!

ఇప్పుడు గ్రూపులో ప్లాన్లు నేనూ వేస్తున్నాను. ఈ ఆదివారం పొద్దున రాస్త్రో సంత, అక్కణ్ణుంచి పక్కనే లా లతీనా పేటలో టపాస్, అంటే చిన్న చిన్న చిరుతిళ్లు. అప్పుడే ముగ్గురు ‘మే అపుంతో’ అన్నారు.