జారిన రోజును పట్టించుకున్నవాళ్ళు

తాగుడు మానేయమని చెప్పేవాళ్ళు నాకు చాలామందే దొరికారు. మానేసినవాళ్ళు మళ్ళీ ఎందుకు మొదలుపెడతారో ఏళ్ళ తరబడి పరిశోధించినవాళ్ళు నేనుండే ఊరి పక్కనే, సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ సైకాలజీ విభాగంలో ఉన్నారని మాత్రం జబ్బు ముదిరాకే తెలిసింది. నేను కోలుకోవడంలో వాళ్ళ పనికి పెద్ద వాటా ఉంది. అందుకే నా జబ్బుతో పాటు వాళ్ళ గురించి కూడా రాస్తున్నాను.

మాది గుంటూరు. అక్కడ జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. పెళ్ళయ్యాక అమెరికాలో సియాటిల్ పక్కనున్న బోథెల్ వచ్చాను. మావారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నాది డిపెండెంట్ వీసా, పని చేయడానికి వీల్లేదు. ఇక్కడ చలికాలమంతా ముసురే. డిసెంబర్లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతుంది. వీకెండ్ పార్టీల్లో ఆడవాళ్ళం కూడా ఒక గ్లాసు వైన్ తీసుకోవడం మామూలే. నా విషయంలో అది వారం మధ్యలోకి, తర్వాత మధ్యాహ్నాల్లోకి వచ్చింది. అమ్మకి వీడియో కాల్ చేసేముందు ఒక గ్లాసు, పెట్టేశాక ఇంకొకటి. "నీకేం లోటే అక్కడ" అనేది అమ్మ. నిజంగానే లోటు పేరు చెప్పడానికి నాకు మాట వచ్చేది కాదు.

పొద్దున్నే టీ గిన్నె దింపబోతే చేతులు వణకడం మొదలైంది. రక్తపరీక్షలో ఏఎస్టీ అనే లివర్ ఎంజైమ్, ఏఎల్టీ అనే ఇంకో ఎంజైమ్‌కి రెండింతలు దాటింది. ఆ నిష్పత్తి చూసి, నేను నోరు తెరవకముందే డాక్టరుకి కారణం అర్థమైంది. ఇంటికొచ్చి సీసాలన్నీ సింకులో పారబోశాను. ఆ మర్నాడు వంటింట్లో ఫిట్స్ వచ్చి పడిపోయాను.

ఇది చదివేవాళ్ళలో రోజూ తాగేవాళ్ళుంటే ఈ ముక్క జాగ్రత్తగా చదవండి. రోజూ మత్తులో ఉండే మెదడు, ఆ మత్తుని తట్టుకోవడానికి తన వేగం పెంచుకుంటుంది. మందు ఒక్కసారిగా ఆపితే ఆ వేగమొక్కటే మిగులుతుంది. వణుకు, చెమటలు, ఫిట్స్ వస్తాయి. కొందరికి రెండు మూడు రోజుల తర్వాత లేనివి కనిపించే సంధి దశ వస్తుంది. దాంతో ప్రాణం పోవచ్చు. నాకు ఆస్పత్రిలో మెదడుని శాంతపరిచే లోరాజెపామ్, థయమిన్ అనే బి1 విటమిన్ ఇచ్చి గండం గట్టెక్కించారు. మానాలనుకుంటే డాక్టరుకి చెప్పి మానండి. ఇండియాలో 14446 కి ఫోన్ చేసినా ఉచితంగా దారి చెప్తారు.

తర్వాత నన్ను ఒక చికిత్స కార్యక్రమంలో చేర్చారు. అక్కడ ఒకటే మాట: ఒక్క చుక్క ముట్టుకుంటే అంతా మొదటికే. కొన్ని నెలలు బాగానే ఉన్నాను. అమ్మకి గుండె ఆపరేషన్ అని చెల్లి ఫోన్ చేసిన రోజు, వీసా స్టాంపింగ్‌కి తేదీ దొరక్క వెళ్ళలేనని తేలిన రాత్రి, ఒక గ్లాసు తాగాను. ఆ ఒక్క గ్లాసు నన్ను అంత దెబ్బతీయలేదు. నిండా మునిగినవాడికి చలేమిటి అన్నట్టు, ఎలాగూ చెడిపోయాను కదా అనుకుంటూ తర్వాతి వారమంతా తాగినదే మళ్ళీ ఆస్పత్రి దాకా తెచ్చింది.

ఈసారి దొరికిన థెరపిస్టు యాభై దాటిన ఆవిడ. ఎందుకు తాగావని అడగలేదు. ఎక్కడున్నావు, టైమెంత, దానికి ముందు ఏం జరిగింది, మొదటి గ్లాసు అయ్యాక మనసులో ఏమనుకున్నావు అని ఒక్కొక్కటే అడిగి రాసుకున్నారు. ఆ ఎలాగూ చెడిపోయాను అనే ఆలోచన గురించి చెప్పగానే పెన్ను ఆపి, దాని మీద మా గురువు పెద్ద పనే చేశారు అన్నారు. అలా మొదటిసారి అలన్ మార్లాట్ పేరు విన్నాను.

మార్లాట్ 1941లో కెనడాలోని వాంకూవర్లో పుట్టారు, 1972లో ఈ యూనివర్సిటీకి వచ్చారు. అడిక్టివ్ బిహేవియర్స్ రీసెర్చ్ సెంటర్ ఆయన పెట్టిందే. డిపార్ట్‌మెంట్లోనే కౌంటరు, మసక దీపాలతో అచ్చం బారులాంటి ల్యాబ్ కట్టి, అక్కడ తాగేవాళ్ళని గమనించేవారు. ఆయన బృందం 1973లో ప్రచురించిన ప్రయోగం ఒకటి కెమిస్ట్రీ చదివిన నాకు ఎంతో నచ్చింది. అయిదు వంతుల టానిక్‌లో ఒక వంతు వోడ్కా కలిపితే నాలుకకి తేడా తెలియదు. కొందరికి వోడ్కా అని చెప్పి ఉత్త టానిక్ ఇచ్చారు, కొందరికి టానిక్ అని చెప్పి వోడ్కా కలిపి ఇచ్చారు. మిగతావాళ్ళకి చెప్పినదే పోశారు. గ్లాసులో నిజంగా ఏముందన్నదాంతో పని లేకుండా, మందు అనుకున్నవాళ్ళే ఎక్కువ తాగారు. తాగుడు జబ్బున్నవాళ్ళలోనూ అంతే. చుక్క పడగానే ఒళ్ళు పట్టు తప్పుతుందనే నమ్మకాన్ని ఆ ప్రయోగం గట్టిగా ప్రశ్నించింది. అలాగని ఒంటికి పట్టే బానిసత్వం అబద్ధమని కాదు, ఫిట్స్ వచ్చిన నాకు అది బాగా తెలుసు. కానీ మొదటి గ్లాసుకీ రెండో గ్లాసుకీ మధ్య ఒక ఆలోచన ఉంటుందని, దాన్ని పట్టుకోవచ్చని తెలియడం నాకు పెద్ద ధైర్యం.

మార్లాట్, జూడిత్ గోర్డన్ కలిసి, మానేసినవాళ్ళు మొదటిసారి జారిన, అంటే మళ్ళీ ఆ అలవాటు ముట్టుకున్న 311 సందర్భాల్ని విడదీసి చూశారు. మనసు బాగోనప్పుడు జారినవి 35 శాతం, పక్కవాళ్ళ ఒత్తిడితో 20 శాతం, గొడవల తర్వాత 16 శాతం. ఆ అంకెలు నా ముందు పెట్టినప్పుడు, చెల్లి ఫోన్ చేసిన రాత్రి వాటిలో ఒకటిగా కనిపించింది. అప్పటిదాకా అది నా వంకర బుద్ధి అనుకున్నాను. ఈ పనంతా కలిపి వాళ్ళిద్దరూ 1985లో పుస్తకంగా తెచ్చారు. జారడం ఒక సంఘటన, దాని నుంచి నేర్చుకుని లేవొచ్చు అని చెప్పినందుకు ఆయన్ని తాగుబోతుల్ని వెనకేసుకొస్తున్నాడని విమర్శించినవాళ్ళు లేకపోలేదు. ఆయన వెనక్కి తగ్గలేదు.

ఆయన శిష్యులు, సహచరులు కూడా అలాంటివాళ్ళే. సియాటిల్‌లో 1811 ఈస్ట్‌లేక్ అనే భవనం ఉంది. వీధుల్లో బతుకుతూ విపరీతంగా తాగేవాళ్ళకి 2005 చివర్లో అందులో 75 ఇళ్ళు ఇచ్చారు. మానితేనే ఇల్లు అనే షరతు లేదు, గదిలో తాగినా ఎవరూ గెంటెయ్యరు. మేరీ లారిమర్, మార్లాట్ తదితరులు దాన్ని లెక్కలు కట్టి చూశారు. ఆస్పత్రులు, జైళ్ళు వగైరాలకి కలిపి మనిషికి నెలకి సుమారు 4,066 డాలర్లున్న మధ్యస్థ ఖర్చు ఏడాదిలో 958కి దిగింది. ఎవరూ బలవంతపెట్టకుండానే తాగడం కూడా తగ్గింది. ఇది చదివి చాలాసేపు ఏడ్చాను. మన ఊళ్ళలో అరుగు మీద నుంచి గెంటేసిన మనుషులు ఎంతమంది గుర్తొచ్చారో చెప్పలేను.

నాకు అసలు ఆశ్చర్యం ఇంకోచోట ఉంది. రక్తపోటు కోసం ధ్యానం మొదలుపెట్టిన మార్లాట్‌కి, దాన్ని చికిత్సలోకి తేవాలనిపించింది. సియాటిల్ పక్కన ఒక జైల్లో 1997 నుంచి ధ్యాన గురువు గోయెంకా గారి పద్ధతిలో పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరాలు జరిగేవి. ఆయన బృందం వాటిని పరిశీలించింది. శిబిరంలో కూర్చున్నవాళ్ళు విడుదలయ్యాక మూడు నెలలకి, కూర్చోనివాళ్ళకన్నా తక్కువ తాగుతున్నారని 2006లో రాశారు. సారా బోవెన్, నేహా చావ్లా ఆయనతో కలిసి దాన్నుంచి ఎనిమిది వారాల పద్ధతి తయారుచేశారు. మా నాన్న రిటైరయ్యాక హైదరాబాద్ నాగార్జునసాగర్ రోడ్డులోని ధమ్మఖేత్తలో ఇదే విపశ్యనకి వెళ్ళొచ్చారు. అప్పుడు నాకది పెద్దవాళ్ళ కాలక్షేపంలా కనిపించింది. అదే ఇక్కడ నాకు మందుగా వచ్చింది.

ఆ ఎనిమిది వారాల పద్ధతి గ్రూపులో నాకు నేర్పింది ఇదీ. తాగాలనిపించినప్పుడు దాన్ని అణచొద్దు, దానికి లొంగొద్దు. అలలా లేస్తుంది, పైదాకా వెళ్తుంది, విరుగుతుంది. ఊపిరి మీద ధ్యాస పెట్టి ఆ అల మీద నిలబడి చూడు. మొదట్లో ఛాతీలో బిగుతు, నోట్లో నీళ్ళు, అరచేతుల్లో చెమట, ఇవన్నీ విడివిడిగా గమనించడానికే భయమేసేది. గమనిస్తూ కూర్చుంటే అరగంట లోపే సద్దుమణిగేది. ప్రతిసారీ కాదు. కొన్ని రాత్రులు మావారిని నిద్ర లేపి, "నాతో మాట్లాడండి" అనేదాన్ని. ఆయన లేచి కూర్చుని పిచ్చాపాటీ చెప్పేవారు. తాగాలనే కోరిక తగ్గించే నాల్ట్రెక్సోన్ మాత్ర కూడా వాడాను. మాత్ర వేసుకుంటే మనసు బలహీనమని కొందరు అంటారు, నేను ఒప్పుకోను. షుగరుకి మాత్ర వేసుకునేవాళ్ళని అలా అంటామా?

మార్లాట్ 2011 మార్చిలో పోయారు. నేను ఆయన్ని చూడలేదు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళ దగ్గర నేర్చుకున్నాను.

ఇప్పుడు వర్క్ పర్మిట్ వచ్చింది, ఒక కాలేజీ ల్యాబ్‌లో పార్ట్‌టైమ్ చేస్తున్నాను. అమ్మ కోలుకుంది. తనకి అంతా చెప్పాను. "జ్వరమొస్తే చెప్పేదానివి, ఇదెందుకు దాచావే" అని చాలా బాధపడింది. కొందరు తెలుగు ఆడవాళ్ళు నాకు ఫోన్ చేస్తుంటారు. వాళ్ళ ఇళ్ళలో ఎవరికీ తెలియదు. ఈమధ్య ఒకమ్మాయి చేసి, "అక్కా, మళ్ళీ తాగాను, ఇంక నావల్ల కాదు" అంది. ఎక్కడున్నావు, టైమెంత, దానికి ముందు ఏం జరిగింది అని అడిగాను. చెప్పడం మొదలుపెట్టింది. చాలాసేపు మాట్లాడుకున్నాం. మర్నాడు డాక్టరు దగ్గరికి తనతో పాటు నేనూ వెళ్ళాను.