పెదనాన్న లాగ్‌బుక్

పరదేశంలో స్థిరపడి, తెరచాప పడవలంటే ప్రాణమిచ్చిన మా పెదనాన్నను తలుచుకోవడానికి నాకు ఫొటోలకన్నా ఆయన లాగ్‌బుక్కే, అంటే ప్రయాణంలో పడవ ఉన్న చోటు, గాలి, దిక్కు రాసుకున్న పుస్తకమే ముఖ్యం. ఇలాంటిది మీ ఇంట్లోనూ ఉంటే లామినేషన్ చేయించకండి. వేడికి అతుక్కున్న ప్లాస్టిక్ మళ్లీ ఊడదు. ఉప్పు పట్టిన కాగితం గాలిలో తేమను లాక్కుంటుంది. అందుకే ముందుగా ప్రతి పేజీ ఫొటో తీసి, పుస్తకాన్ని పొడిచోట ఉంచండి.

ఇక ఆయన తిరిగిన దారిని మ్యాపు మీద గీయొచ్చు. అక్షాంశంలో ఒక నిమిషం అంటే ఒక నాటికల్ మైలు, 1,852 మీటర్లు. రేఖాంశానికి ఈ లెక్క కుదరదు: 60 డిగ్రీల అక్షాంశం దగ్గర అది సగమే. చాలామంది తప్పేది ఇక్కడే. గాలి దగ్గర ఉత్త 6 అని ఉంటే సాధారణంగా అది గాలి బలాన్ని అంకెల్లో చెప్పే బ్యూఫోర్ట్ స్కేలు, 22–27 నాట్లు (గంటకు అన్ని నాటికల్ మైళ్లు). అంత గాలిలో రాసిన అక్షరాలు వంకర్లు పోతాయి, ఓపిగ్గా చదవాలి. దిక్కు డిగ్రీలు దిక్సూచివా, నిజ ఉత్తరానివా అన్నదీ చూడండి. ఆనాటి చార్టులో (సముద్రపు మ్యాపులో) ఈ రెండింటి మధ్య ఇచ్చిన తేడాతో సరిచేయకపోతే గీత నేల మీదికి ఎక్కేయొచ్చు.