సాయర్ అనే సింహం

విస్కాన్సిన్‌లో మేముండే ఆష్కాష్ ఊళ్ళో పబ్లిక్ లైబ్రరీ ముందు రెండు కంచు సింహాలుంటాయి. ఒకటి సాయర్, ఇంకోటి హ్యారిస్. మా అమ్మాయి సాయర్ పంజా తడమందే లోపలికి రాదు. "సాయర్ ఎవరు నాన్నా?" అంటే చెప్పలేక చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ రాజమండ్రిలో మా నాన్న నడిపిన కలప అడితి కళ్ళ ముందు కదిలింది.

ఫిలీటస్ సాయర్ 1816లో వెర్మాంట్‌లో పుట్టాడు. ఆ రోజుల్లో కొడుక్కి 21 నిండేదాకా వాడి కష్టార్జితం తండ్రిదే. పదిహేడేళ్ళప్పుడు ఈయన అన్న దగ్గర 100 డాలర్లు అప్పు చేసి తండ్రికిచ్చి, మిగతా నాలుగేళ్ళూ తనవి చేసుకున్నాడు. ఆ వయసులో నాకు నాన్న ముందు గట్టిగా మాట్లాడే ధైర్యం కూడా లేదు.

1847లో విస్కాన్సిన్ వచ్చి సేద్యం చేస్తే కలిసిరాలేదు. రెండేళ్ళకి కోత మిల్లులోకి దిగాడు. పైనున్న పైన్ అడవుల్లో కొట్టిన దుంగలు వుల్ఫ్ నదిలో కొట్టుకొచ్చేవి. దుంగ చివర సొంతదారు సుత్తి ముద్ర ఉండేది, దిగువన అది చూసి ఎవరివి వాళ్ళకి వేరుచేసేవారు. మా నాన్న కూడా ఫారెస్టు వాళ్ళ ముద్రని బొటనవేలితో తడిమి చూశాకే లారీలోంచి దుంగ దింపనిచ్చేవారు. ఆ అడవులు మెనామినీ అనే అక్కడి ఆదివాసులవి. 1836 ఒప్పందంలో 40 లక్షల ఎకరాలకు పైగా వదులుకున్నారు. ఊరికి వాళ్ళ పెద్ద ఆష్కాష్ పేరైతే మిగిలింది.

తర్వాత సాయర్ ఊరికి మేయరయ్యాడు. పదేళ్ళు ప్రతినిధుల సభలో, 1881 నుంచి 1893 దాకా సెనేట్‌లో ఉన్నాడు.

నన్ను పట్టుకున్నది 1891 నాటి సంగతి. రాష్ట్ర కోశాధికారులు ప్రభుత్వ సొమ్ము బ్యాంకుల్లో వేసి వడ్డీ తాము తీసుకునేవారు. వాళ్ళకి సాయర్ జామీను. కొత్త ప్రభుత్వం ఆ వడ్డీ కోసం దావా వేసింది. మిల్వాకీ హోటల్లో సాయర్ తన పార్టీవాడే అయిన లాయరు లా ఫాలెట్‌ని కలిసి డబ్బు ఇవ్వబోయాడు. కేసు వినాల్సిన జడ్జి లా ఫాలెట్ అక్క భర్త. అది లంచమని లా ఫాలెట్ పత్రికకెక్కాడు. లాయరు ఫీజన్నాడు సాయర్, ఆ చుట్టరికం తనకి తెలియదన్నాడు. జడ్జి తప్పుకున్నాడు. తీర్పు చివరికి రాష్ట్రానికే వచ్చింది.

జామీను భయం నాకు తెలుసు. ఓ బంధువు అప్పుకి నాన్న సంతకం పెట్టారు. ఆయన కట్టలేదు. అడితిలో టేకంతా అమ్మి నాన్నే కట్టారు. రంపం గోతి పక్కన పొట్టు కుప్ప ఒక్కటే మిగిలింది. అందుకే సాయర్ మీద జాలేసింది, ఆ మాటే నాన్నతో ఫోన్లో అన్నాను.

ఆయన అంతా విన్నారు. "జామీను పెట్టాడు, కష్టం వచ్చింది, సరే. మరి జడ్జి గారి బావమరిది దగ్గరికే ఎందుకెళ్ళాడ్రా? ఊళ్ళో ఇంకో లాయరు లేడా?" అన్నారు.