వేటకన్నా ముందు స్కోపు వేట

మొదటి వారం

చేతికొచ్చిన రైఫిల్ .308 తూటా కాల్చే బోల్ట్ యాక్షన్, అంటే ప్రతి తూటాకూ చేత్తో బోల్ట్ లాగాల్సిన రకం. దాని మీద గురి చూసే ఇనుప సైట్లు లేవు, కాబట్టి స్కోపు, అంటే గురి చూసే దుర్భిణి, లేకపోతే అది ఒట్టి ఇనప గొట్టం. నేను తిరిగేది చెట్ల మధ్య. అక్కడ కాల్చే దూరం చాలావరకు 60 నుంచి 120 మీటర్లు, మహా అయితే 200. ఈ ఒక్క లెక్క దగ్గరే ఆగి ఉంటే మూడు వారాలు కలిసొచ్చేవి. ఆగలేదు. క్యాటలాగులు ముందేసుకుని కూర్చున్నాను.

స్కోపు మీద 3-9×40 అని ఉంటే, దృశ్యాన్ని 3 నుంచి 9 రెట్లు దగ్గరగా చూపిస్తుందని, ముందు అద్దం వ్యాసం 40 మి.మీ. అని అర్థం. నాకు 9 మరీ తక్కువగా అనిపించింది. 24 దొరుకుతుంటే 9తో ఎందుకు సరిపెట్టుకోవాలి? 6-24×50 తెచ్చేశాను. రైఫిల్‌కి బిగించకముందే చేత్తో పట్టుకుని కిటికీలోంచి ఎదుటి చెట్టు ఆకుల ఈనెలు లెక్కపెట్టి మురిసిపోయాను కూడా.

రెండో వారం

ఆ ముచ్చట రేంజిలో, అంటే కాల్పులు సాధన చేసే చోట, మొదటి గంటకే తీరిపోయింది.

50 మి.మీ. అద్దం ఉన్న ముందు భాగం బ్యారెల్‌కి తగలకూడదు కాబట్టి స్కోపును రైఫిల్‌కి పట్టి ఉంచే రింగులు ఎత్తువి వేయాల్సి వచ్చింది. రింగులు ఎత్తయితే కన్ను పైకి లేవాలి, దాంతో పాటు చెంప కూడా బట్ (రైఫిల్ వెనక భాగం) మీద నుంచి లేచిపోతుంది. చివరికి నేను చెంపకు బదులు గడ్డం ఆనించి కాలుస్తున్నాను. ఆనిక లేకపోతే కన్ను ప్రతిసారీ ఒక్కో చోట నిలుస్తుంది. పారలాక్స్ (కన్ను జరిగితే గురి కూడా జరిగినట్టు కనపడే తేడా) సరిపడని దూరంలో అప్పుడు క్రాస్ గీతలు లక్ష్యం మీద అటూ ఇటూ జారుతున్నట్టు కనపడతాయి.

ఇంకో తంటా, చూపు వెడల్పు. 100 మీటర్ల దూరంలో 3× స్కోపు సుమారు 11 మీటర్ల వెడల్పు చూపిస్తుంది. 6×లో అది దాదాపు సగమే. నా స్కోపుకి 6 కన్నా కిందికి దిగడం రాదు. ఖాళీ రైఫిల్‌ని భుజానికెత్తి 50 మీటర్ల దగ్గర పెట్టిన అట్టపెట్టెను మూడు సెకన్లలో పట్టుకోవాలని పందెం వేసుకున్నాను. పదిసార్లలో ఆరుసార్లు కనపడింది ఆకులే. జంతువైతే ఆపాటికి ఊరు దాటేది.

24 దగ్గర పూర్తి వృత్తం కనపడటం లేదని తల ముందుకు జరిపి ట్రిగ్గర్ నొక్కడం ఆ రోజు చేసిన చివరి తెలివైన పని. రైఫిల్ వెనక్కి తన్నింది, స్కోపు అంచు తగిలి కనుబొమ మీద అర్ధచంద్రాకారంలో చీలిక. పక్క బెంచీ పెద్దాయన చేతిలో దూది పెట్టి, తన కనుబొమ మీది పాత మచ్చ చూపించి, "మీరూ మాలో కలిశారండీ" అన్నారు.

మూడో వారం

స్కోపు మార్చాలని తేలిపోయింది, కానీ ఈసారి పరీక్ష పెట్టకుండా ఏదీ తీసుకోదలచుకోలేదు. వేటలో అసలు సమయం పొద్దు వాలాక వచ్చే అరగంట. అందుకని ముదురు గోధుమ రంగు అట్ట మీద రకరకాల మందంలో నల్ల గీతలు గీసి, చెట్ల నీడలో 80 మీటర్ల దూరాన నిలబెట్టాను. నా స్కోపు కాక తెలిసినవాళ్ల దగ్గర అడిగి తెచ్చినవి రెండు: ఒక 3-9×40, ఒక 8×56. మూడింటినీ రైఫిల్‌కి బిగించకుండా ఇసుక సంచుల మీద ఆనించి, సూర్యుడు దిగినప్పటి నుంచి అయిదు నిమిషాలకోసారి ఏ గీత వరకు కనపడుతోందో రాసుకున్నాను.

ముందు అద్దం వ్యాసాన్ని జూమ్‌తో భాగిస్తే కంటికి చేరే కాంతి వృత్తం వ్యాసం వస్తుంది. 50ని 24తో భాగిస్తే 2.1 మి.మీ. చీకట్లో పడుచు కంటిపాప 7 మి.మీ. దాకా విచ్చుకుంటుంది, వయసు పెరిగేకొద్దీ అంత విచ్చుకోదు. అంత పాపలోకి 2 మి.మీ. వెలుగు పంపితే ఏం కనపడుతుంది? నా 6-24 పూర్తి జూమ్‌లో అందరికన్నా ముందు మసకబారింది. 7కి దించితే మళ్ళీ వెలుగొచ్చింది. అంటే నేను మోస్తున్న 24లో 17 దండగ.

8×56 అందరికన్నా ఆఖరిదాకా నిలిచింది. 56ని 8తో భాగిస్తే సరిగ్గా 7. కానీ అది బరువు, దానికీ ఎత్తు రింగులే కావాలి, పైగా జూమ్ మారదు. 3-9×40ని 6 దగ్గర పెడితే 6.7 మి.మీ. వస్తుంది. దానికీ 8×56కీ తేడా చివరి ఏడెనిమిది నిమిషాల్లోనే కనపడింది. ఆ ఏడెనిమిది నిమిషాల్లో ట్రిగ్గర్ నొక్కాలని నాకు లేదు. ఎదురుగా ఉన్నది ఏమిటో, దాని వెనక ఏముందో తేలనప్పుడు కాల్చడం వేట కాదు.

క్యాటలాగుల్లో 'ట్విలైట్ ఫ్యాక్టర్' అని ఒక అంకె వేస్తారు. జూమ్‌ని అద్దం వ్యాసంతో గుణించి వర్గమూలం తీస్తే వస్తుంది. ఆ లెక్కన 24×50కి 34.6, 8×56కి 21.2. అంటే అందరికన్నా ముందు చీకటైపోయిన స్కోపే కాగితం మీద విజేత! గాజు నాణ్యత, పూత ఆ అంకెలోకి రావు. పూత లేని గాజు ఉపరితలం ఒక్కొక్కటీ సుమారు 4 శాతం వెలుగును వెనక్కి కొడుతుంది. అలాంటివి పది దాటేసరికి మూడో వంతు పోతుంది. 1935లో జైస్ సంస్థలో అలెగ్జాండర్ స్మకులా ప్రతిఫలనాన్ని తగ్గించే పూత కనిపెట్టి ఈ నష్టానికి అడ్డుకట్ట వేశాడు. అందుకే అన్ని అద్దాల అన్ని ముఖాలకూ పలు పొరల పూత ఉందా అన్నదే నేను అడిగిన మొదటి ప్రశ్న అయింది.

నాలుగో వారం

3-9×40 తీసుకున్నాను. గొట్టం 1 అంగుళం, బరువు 400 గ్రాముల లోపు, పొట్టి రింగులు సరిపోయాయి, చెంప మళ్ళీ బట్ మీద కూర్చుంది.

రెటికిల్, అంటే స్కోపులో కనపడే గురి గీతల దగ్గర కొంత ఊగిసలాడాను. ఫస్ట్ ఫోకల్ ప్లేన్ రకంలో జూమ్‌తో పాటు గీతలూ పెరుగుతాయి, తగ్గుతాయి. దూరం లెక్కగట్టేవాళ్లకు అది సుఖం. కానీ 3 దగ్గర ఆ గీతలు సన్నబడి పొదల్లో కలిసిపోయాయి. నాకు జూమ్‌తో గీతలు మారని సెకండ్ ఫోకల్ ప్లేన్, బయట లావుగా నడుమ సన్నగా ఉండే మామూలు గీతలు చాలు. మధ్యలో ఎర్ర చుక్క వెలిగేది కూడా చూశాను. అన్నిటికన్నా తక్కువ వెలుగులో పెట్టినా సంధ్యవేళ అది కంట్లో గుచ్చుకుంది. వద్దన్నాను.

24× ఉంటే దూరానివి పరిశీలించుకోవచ్చని మొదట్లో సర్దిచెప్పుకున్నాను. అది తప్పు. స్కోపుతో చూడటమంటే చూసిన ప్రతిదాని మీదకూ గొట్టం తిప్పడమే. చూడటానికి బైనాక్యులర్ వేరే ఉంది.

ఐదో వారం

బిగింపు. స్క్రూ రంధ్రాల్లో నూనె పూర్తిగా తుడిచి, బేసు (రైఫిల్ మీద బిగించే పట్టీ), దాని మీద రింగులు. రింగు పై స్క్రూలు టార్క్ రెంచ్‌తో సుమారు 2 న్యూటన్ మీటర్లు. రింగుల తయారీదారు చెప్పిన అంకె వేరేగా ఉంటే దానిదే చెల్లుబాటు. కంటి దూరం సరిచూసుకునేటప్పుడు జూమ్ 9 దగ్గర పెట్టాను, తల అటూ ఇటూ జరిగే వీలు అక్కడే అన్నిటికన్నా తక్కువ. వేటకు వేసుకునే దళసరి కోటు కూడా తొడుక్కున్నాను, లేకపోతే భుజం మందం మారి లెక్క తప్పుతుంది. నిలువు గీత కోసం 50 మీటర్ల దూరాన తాడుకు బరువు కట్టి వేలాడదీసి, దానికి సరిపెట్టాను.

ఆరో వారం

బోల్ట్ తీసేసి, బ్యారెల్‌లోంచి 25 మీటర్ల లక్ష్యాన్ని మధ్యలోకి తెచ్చి, రైఫిల్ కదలకుండా క్రాస్ గీతల్ని అక్కడికి తిప్పాను. మొదటి తూటా 5 సెం.మీ. కింద పడింది. స్కోపు గుబ్బను ఒక్కో క్లిక్ తిప్పితే గురి పావు ఎం.ఓ.ఏ. (డిగ్రీలో 60వ వంతు కోణం) జరుగుతుంది, అంటే 100 మీటర్ల దగ్గర సుమారు 7 మి.మీ., 25 దగ్గర 1.8 మి.మీ. కాబట్టి 28 క్లిక్కులు పైకి.

100 మీటర్లకు వెళ్లాక గ్రూపులు, అంటే ఒకే గురితో కాల్చిన తూటాల గుంపులు, సంచారం మొదలుపెట్టాయి. మూడు తూటాలు ఇక్కడ, తర్వాతి మూడు 12 సెం.మీ. అవతల. స్కోపును నోరారా తిట్టాను. ఇంటికొచ్చి విప్పితే దోషి బేసు ముందు స్క్రూ. అది ఉండాల్సిన దానికన్నా పొడుగు. రంధ్రం అడుగుకు తగిలి ఆగింది, చేతికి బిగిసినట్టే ఉంది, బేసు మాత్రం వదులు. పొట్టిది వేశాక మూడు తూటాలు 4 సెం.మీ.లో పడ్డాయి.

తర్వాత క్లిక్కులు తిప్పినంతే గురి జరుగుతోందా అని చూసే చతురస్రం పరీక్ష, 100 మీటర్ల దగ్గర: 40 క్లిక్కులు కుడికి, 40 పైకి, 40 ఎడమకి, 40 కిందికి, మూల మూలకూ ఒక తూటా. ఒక్కో భుజం 29 సెం.మీ. రావాలి. వచ్చింది. ఆఖరి తూటా మొదటిదానికి సెంటీమీటరు లోపే పడింది.

నా తూటా 100 దగ్గర సరిగ్గా జీరో చేస్తే (గురి పెట్టిన చోటే పడేలా సరిచేస్తే) 200 దగ్గర సుమారు 10 సెం.మీ. దిగుతోంది. అందుకని 100 దగ్గర 4 సెం.మీ. ఎత్తుగా ఉంచాను. 200 దగ్గర ఇప్పుడు కిందికి రెండు మూడు సెం.మీ.ల తేడానే. స్క్రూల తలల మీద గోళ్ల రంగుతో గీతలు పెట్టాను, కదిలితే తెలిసిపోతుంది. జూమ్ 4 దగ్గర ఉంచి తిరుగుతున్నాను. పందెం మళ్ళీ వేసుకున్నాను, అట్టపెట్టె పదికి తొమ్మిదిసార్లు దొరికింది.